నాలుగు వాద్యాల నడుమ విద్యార్థి: స్ట్రింగ్ క్వార్టెట్ పరిచయానికి ఒక చారిత్రక దృష్టి

స్ట్రింగ్ క్వార్టెట్ అంటే రెండు వయొలిన్లు, ఒక వయోలా, ఒక చెల్లో కలిసిన వాద్యబృందం. ఆ బృందం కోసం రాసిన రచనకూ అదే పేరు. పద్దెనిమిదో శతాబ్దం మధ్యలో ఆస్ట్రియాలో రూపుదిద్దుకున్న ఈ ప్రక్రియకు పాశ్చాత్య శాస్త్రీయ సంగీతంలో అత్యంత గంభీరమైనదన్న పేరు ఉంది. హైడన్, మొజార్ట్, బీతోవెన్ తమ ఆలోచనల్లో మిక్కిలి సూక్ష్మమైనవాటిని ఈ నాలుగు వాద్యాలకే అప్పగించారు కనుక ఆ పేరు అకారణంగా రాలేదు. అయితే ఆ గౌరవమే దీన్ని బడి పిల్లలకు దూరం చేసింది. ముందు పెద్ద వాద్యబృందాలను విని, సంగీత శాస్త్రం కొంత చదివి, చెవి పదునెక్కిన తర్వాతే క్వార్టెట్ దగ్గరకు రావాలన్న అభిప్రాయం పంతొమ్మిదో శతాబ్దంలో స్థిరపడింది. చాలా పాఠశాలల్లో పాఠ్యక్రమం ఇప్పటికీ ఆ వరసలోనే నడుస్తోంది.

ఒక సంగీతోపాధ్యాయుని స్మృతికి అంకితమైన ఈ సభలో, నేర్పేవారూ నేర్చుకునేవారూ కలిసి కూర్చున్న సందర్భంలో, ఆ అభిప్రాయాన్ని చరిత్ర ముందు నిలిపి పరీక్షించడం సముచితం. క్వార్టెట్ పుట్టుక, పెరుగుదల చెప్పే సాక్ష్యం దానికి అనుకూలంగా లేదు. ఈ సంగీతం ప్రధానంగా వాయించేవారి ఆనందం కోసం పుట్టింది. ఇళ్లలో, చిన్న గదుల్లో, చేయి తిరగనివారు కూడా పాలుపంచుకోగా పెరిగింది. సభామందిరానికి ఆ తర్వాతే చేరింది. కాబట్టి విద్యార్థికి దీన్ని పరిచయం చేయవలసిన చోటు వాద్యకారుల నడుమే గాని శ్రోతల చివరి వరస కాదన్నది ఈ ఉపన్యాసం ప్రతిపాదన.

ముందుగా వాద్యాల సంగతి. వయొలిన్ పెట్టె పొడవు సుమారు 14 అంగుళాలు. వయోలా పెట్టె సాధారణంగా పదిహేనున్నర నుంచి పదిహేడు అంగుళాల దాకా ఉంటుంది. చెల్లో నేలకు ఆనించి, మోకాళ్ల మధ్య నిలిపి వాయించేంత పెద్దది. కర్ణాటక సంప్రదాయంలో వయొలిన్ తీగలను స-ప-స-ప గా శ్రుతి చేస్తారు. పాశ్చాత్య పద్ధతిలో ప్రతి తీగా దాని ముందు తీగకు పంచమం ఎత్తులో ఉంటుంది. వయోలా తీగలు వయొలిన్ తీగలకు పంచమం కింద, చెల్లో తీగలు వయోలాకు సరిగ్గా ఒక స్థాయి కింద పలుకుతాయి. దీని వల్ల నాలుగు వాద్యాలూ ఒకే కుటుంబానివై, ఒకే రకం కమానుతో పలుకుతూ, మంద్రం నుంచి అతితారం దాకా అయిదు స్థాయిలకు పైగా ఆక్రమిస్తాయి. వయోలాకు ఒక ప్రత్యేకత ఉంది. అది పలికే స్వరాలకు తగినంత పెద్ద పెట్టె చేస్తే భుజం మీద పెట్టుకోవడం అసాధ్యం. అందుకని అవసరమైన దానికంటే చిన్నగా చేస్తారు. దాని నాదంలోని ముసుగు కప్పినట్టుండే మార్దవానికి కారణం ఆ కొరతే. ఈ వాద్యం తెలుగువారికి బొత్తిగా కొత్తది కాదు. మంగళంపల్లి బాలమురళీకృష్ణ దాన్ని కర్ణాటక కచేరీ వేదిక మీదకు తెచ్చారు.

క్వార్టెట్ పుట్టుక గురించి హైడన్ తొలి జీవితచరిత్రకారుల్లో ఒకరైన గ్రీసింగర్ నమోదు చేసిన వృత్తాంతం ఈ చర్చకు పునాది. 1750ల ఉత్తరార్ధంలో, దిగువ ఆస్ట్రియాలోని వైన్‌జియెర్ల్ భవనంలో బారన్ ఫ్యూర్న్‌బెర్గ్ అనే జమీందారు ఉండేవాడు. సంగీతం మీద మక్కువతో ఆయన ఊరి చర్చి పురోహితుణ్ణీ, తన ఎస్టేటు వ్యవహారాలు చూసే ఉద్యోగినీ, ఆల్బ్రెక్ట్స్‌బెర్గర్ అనే చెల్లో వాద్యకారుణ్ణీ, ఇరవయ్యో పడిలో ఉన్న యోసెఫ్ హైడన్‌నూ పిలిపించి కూర్చోబెట్టేవాడు. ఉన్నది నలుగురే కనుక నలుగురికి సరిపడే సంగీతం కావలసివచ్చింది. హైడన్ రాశాడు. ఒక పురోహితుడు, ఒక ఉద్యోగి, ఇద్దరు సంగీతజ్ఞులు: ఈ కూర్పును గమనించవలసి ఉంది. సంగీతమే వృత్తిగా ఉన్నవారు, వేరే వృత్తిలో ఉన్నవారు మొదటి రోజు నుంచీ ఇందులో పక్కపక్కనే కూర్చున్నారు. శ్రోతలు ఉంటే ఉన్నారు, లేకపోతే లేదు.

అచ్చు చరిత్ర కూడా ఇదే చెబుతుంది. పద్దెనిమిదో శతాబ్దంలో క్వార్టెట్లను నాలుగు విడి స్వరపత్రాలుగానే అచ్చువేసేవారు. నాలుగు వాద్యాల స్వరాలనూ ఒకే పుటలో చూపే స్కోరు అమ్మకానికి ఉండేది కాదు. ప్రతి వాద్యకారుడి ముందు తన వంతు స్వరాలు మాత్రమే కనిపించేవి. మిగిలిన ముగ్గురు ఏం చేస్తున్నారో కంటితో తెలుసుకునే దారి లేదు, చెవితో తెలుసుకోవలసిందే. 1802లో పారిస్‌లో ప్లెయెల్ ప్రచురణ సంస్థ జేబులో పట్టే చిన్న స్కోర్లు వెలువరించడం మొదలుపెట్టింది. వాయించకుండా పుట తిప్పుతూ వినే పాఠకశ్రోత అనే కొత్త మనిషి ఆ తర్వాతనే తయారయ్యాడు. నేటి తరగతి గదుల్లో క్వార్టెట్ పాఠం సాధారణంగా ఆ కొత్త మనిషికి పనికొచ్చేలా ఉంటుంది.

హైడన్ ఈ ప్రక్రియను నలభై ఏళ్లకు పైగా పెంచాడు. ఆయన పేరిట ఈనాడు 68 క్వార్టెట్లను ప్రామాణికంగా లెక్కిస్తారు. మొదటివాటిలో పై వయొలిన్ పాడుతుంటే తక్కినవి ఎక్కువగా అండగా నిలుస్తాయి. 1772 నాటి ఓపస్ (ప్రచురణ సంఖ్య) 20లో ఆ ఏర్పాటు మారింది. ఆ ఆరు రచనల్లో మూడింటి చివరి భాగాలు ఫ్యూగ్‌లు. అంటే ఒక వాద్యం ఎత్తుకున్న వాక్యాన్ని రెండోదీ మూడోదీ నాలుగోదీ వరసగా అందుకుని, ఎవరి దారిన వారు దాన్ని నడుపుతూ, కలిసే సాగే అల్లిక. ఇక్కడ పెద్దరికం ఎవరికీ లేదు. 1781లో వచ్చిన ఓపస్ 33లో హైడన్ ఈ సమానత్వానికి తేలికదనాన్ని జోడించాడు. అప్పటికి వియన్నాలో స్థిరపడిన మొజార్ట్ వాటిని శ్రద్ధగా చదివి, 1782 నుంచి 1785 దాకా ఆరు క్వార్టెట్లు రాసి హైడన్‌కే అంకితం చేశాడు. పని వేగంగా చేస్తాడని పేరున్న మొజార్ట్, ఇవి దీర్ఘశ్రమ ఫలమని అంకిత లేఖలో ఒప్పుకున్నాడు.

ఆ కాలపు వియన్నాలో 1784లో జరిగిన ఒక విందును మైకేల్ కెల్లీ అనే ఐరిష్ గాయకుడు తన జ్ఞాపకాల్లో నమోదు చేశాడు. ఆ రాత్రి హైడన్ మొదటి వయొలిన్, డిటర్స్‌డోర్ఫ్ రెండో వయొలిన్, మొజార్ట్ వయోలా, వాన్‌హాల్ చెల్లో వాయించారు. నలుగురూ పేరున్న స్వరకర్తలే, వాయించింది మాత్రం విందుకు వచ్చిన స్నేహితుల మధ్య. మొజార్ట్ వయోలా పట్టడం యాదృచ్ఛికమని అనుకోనక్కరలేదు. షూబర్ట్, డ్వోర్జాక్, బ్రిటెన్ కూడా వయోలా వాయించినవారే. మధ్యలో కూర్చున్నవాడికి పైన ఏం జరుగుతోందో, కింద ఏం జరుగుతోందో రెండూ వినిపిస్తాయి.

షూబర్ట్ ఉదాహరణ విద్యార్థుల విషయంలో మరీ ముఖ్యమైనది. ఆయన తండ్రి వియన్నా శివారులో బడిపంతులు. ఆ ఇంట్లో తండ్రి చెల్లో, అన్నలు ఇగ్నాజ్, ఫెర్డినాండ్ వయొలిన్లు, కుర్రవాడైన ఫ్రాంజ్ వయోలా పట్టుకుని కూర్చునేవారు. పద్నాలుగు, పదిహేను, పదహారేళ్ల వయసులో ఫ్రాంజ్ రాసిన తొలి క్వార్టెట్లు ఆ ఇంటి బృందం కోసమే రాసినవి. తండ్రి చెల్లోలో అంత నేర్పరి కాదు కనుక ఆ స్వరపత్రాలు ఆయన చేతికి అందేలా ఉంటాయి. ఒక బాలుడు తన ఇంటివారి బలాబలాలు ఎరిగి, వాటికి సరిపడే సంగీతం రాస్తూ స్వరరచన నేర్చుకున్నాడు. దీనికి మించిన పాఠశాల యూరప్‌లో అప్పుడు లేదనే చెప్పాలి.

క్వార్టెట్ ఇల్లు దాటి సభకు చేరడం ఇంచుమించు ఇదే కాలంలో మొదలైంది. ఇగ్నాజ్ షుప్పాన్‌జిగ్ అనే వయొలిన్ వాద్యకారుడు 1804-05 శీతాకాలంలో వియన్నాలో చందాదారులకు క్వార్టెట్ కచేరీలు ఏర్పాటు చేశాడు. 1808లో, రష్యన్ రాయబారిగా పనిచేసిన రజుమోవ్‌స్కీ ఆయన నాయకత్వంలో ఒక జీతపు బృందాన్నే పోషించాడు. పారిస్‌లో వయొలిన్ వాద్యకారుడు బైయో 1814 నుంచి ఇటువంటి కచేరీల వరస నడిపాడు. బీతోవెన్ 1806లో రజుమోవ్‌స్కీ కోసం రాసిన మూడు క్వార్టెట్లు, ఆ తర్వాత జీవితం చివరి ఏళ్లలో రాసినవి, సాయంత్రం సరదాకు కూర్చునే గుమాస్తా చేతికి అందేవి కావు. వాయించేవారు వృత్తి నిపుణులయ్యారు, తక్కినవారు శ్రోతలయ్యారు. కళ ఎత్తు పెరిగింది. ఆ ఎత్తుకు చెల్లించిన మూల్యం ఈ విభజనే. పంతొమ్మిదో శతాబ్దపు గృహసంగీతం ఆ తర్వాత కూడా కొనసాగింది గాని, క్వార్టెట్ అంటే మౌనంగా తలవంచి వినవలసినదన్న భావం సభల నుంచే వ్యాపించింది.

ఈ దూరాన్ని తగ్గించడానికి జరిగిన తొలి తెలివైన ప్రయత్నం లండన్‌లో కనిపిస్తుంది. జాన్ ఎల్లా 1845లో మ్యూజికల్ యూనియన్ అనే సంఘాన్ని స్థాపించి రెండు మార్పులు చేశాడు. వాద్యకారులను వేదిక ఎక్కించకుండా గది మధ్యలో కూర్చోబెట్టి, శ్రోతలను వారి చుట్టూ కూర్చోబెట్టాడు. కచేరీకి ముందే, ప్రధాన స్వరవాక్యాలను అచ్చువేసిన వివరణ పత్రాలను సభ్యుల ఇళ్లకు పంపాడు. ఆయన సభ్యులు సంపన్నులు, పిల్లలు కారు. అయినా ఆ రెండు పద్ధతుల్లో బోధకుడికి పనికొచ్చేది మొదటిదేనని చెప్పక తప్పదు. ప్రపంచం మాత్రం రెండోదాన్ని, అంటే వివరణ పత్రాన్ని, ఎక్కువగా స్వీకరించింది.

తంత్రీవాద్యాలను పిల్లలకు మూకుమ్మడిగా నేర్పడం ఆ శతాబ్దం చివర మొదలైంది. ఇంగ్లండ్‌లో మెయిడ్‌స్టోన్ పట్టణపు పాఠశాలలో 1890లలో మొదలైన సామూహిక వయొలిన్ తరగతులు దేశమంతటా పాకాయి. వాద్యాలను చిన్న వాయిదాల మీద అమ్మడం వల్ల పేద పిల్లలకూ అవి అందాయి. బోస్టన్‌కు చెందిన ఆల్బర్ట్ మిచెల్ ఇంగ్లండ్ వెళ్లి ఈ తరగతులను చూసి, 1911 ప్రాంతంలో తన నగరపు పాఠశాలల్లో ప్రవేశపెట్టాడు. అమెరికా బడులలో ఈనాటికీ ఉన్న వాద్యబృంద తరగతుల వెనుక ఆ అనుభవం ఉంది. జపాన్‌లో షినిచి సుజుకి (1898-1998) మాట్సుమోటో కేంద్రంగా పెంచిన పద్ధతి ఇంకా దూరం వెళ్లింది. మాతృభాష నేర్చినట్టే సంగీతాన్నీ వినికిడితో, అనుకరణతో, తల్లిదండ్రుల సాన్నిధ్యంలో మూడు నాలుగేళ్ల వయసు నుంచే నేర్పవచ్చన్నది ఆయన సిద్ధాంతం. నగోయాలో వయొలిన్ల కర్మాగారం నడిపిన కుటుంబంలో పుట్టిన సుజుకి 1920లలో బెర్లిన్‌లో కార్ల్ క్లింగ్లర్ దగ్గర చదువుకున్నాడు. క్లింగ్లర్ తన పేరిట ప్రసిద్ధమైన క్వార్టెట్‌కు నాయకుడు. స్వదేశం చేరాక సుజుకి కూడా సోదరులతో ఒక క్వార్టెట్ నడిపాడు.

ఇంత క్వార్టెట్ నేపథ్యం ఉన్న మనిషి రూపొందించిన పుస్తకాలు మాత్రం ప్రధానంగా ఏకవాద్య రచనలతో సాగుతాయి. సామూహిక ప్రదర్శనల్లో వందల మంది పిల్లలు ఒకే బాణీని ఏకకంఠంగా వాయిస్తారు. ఆ దృశ్యం చూడముచ్చటగానే ఉంటుంది. అయితే పక్కవాడు వాయించేదే తానూ వాయించడం ఒక విద్య, పక్కవాడు వేరేది వాయిస్తున్నప్పుడు తన దారి తప్పకుండా అతణ్ణి వినడం ఇంకో విద్య. మొదటిది ఎంత సాధించినా రెండోది దానంతట రాదు. క్వార్టెట్‌కు కావలసింది రెండోదే.

ఈ రెండో విద్యను వివరించేందుకు తరచు వాడే పోలిక సంభాషణ. నలుగురు వివేకవంతులు మాట్లాడుకుంటున్నట్టు ఉంటుందని జర్మన్ కవి గెటె 1829లో ఒక మిత్రుడికి రాసిన ఉత్తరం నుంచి ఈ పోలికకు ప్రాచుర్యం వచ్చింది. పాఠ్యపుస్తకాలు దాన్ని వదలవు. కాని పిల్లల విషయంలో అది దారి తప్పించే అవకాశం ఉంది. సంభాషణలో ఒకరు మాట్లాడుతుంటే తక్కినవారు ఊరుకుంటారు. నలుగురూ ఒక్కసారే మాట్లాడితే దాన్ని గోల అంటారు. క్వార్టెట్‌లో దాదాపు ఎల్లవేళలా నలుగురూ కలిసి పలుకుతూనే ఉంటారు, ఆ కలయికే అర్థం. సంభాషణ అని విని కూర్చున్న బాలుడు ఎవరు మాట్లాడుతున్నారా అని వెతికి, పై వయొలిన్‌ను పట్టుకుని, మిగిలిన మూడింటినీ నేపథ్యంగా వదిలేస్తాడు. క్వార్టెట్ పరిచయంలో అసలు సమస్య ఇదే. పై గొంతు ఎవరికైనా వినిపిస్తుంది. అడుగు గొంతు కొంత ప్రయత్నంతో వినిపిస్తుంది. మధ్యలోని రెండు, అంటే రెండో వయొలిన్, వయోలా, నేర్పితేనే వినిపిస్తాయి.

పెద్ద వాద్యబృందాన్ని పిల్లలకు పరిచయం చేయడానికి ప్రత్యేకంగా రాసిన ప్రసిద్ధ రచనలు ఉన్నాయి. ప్రొకోఫియెవ్ 1936లో రాసిన 'పీటర్ అండ్ ది వుల్ఫ్' ఒకటి, బ్రిటెన్ 1945లో ఒక విద్యాచిత్రం కోసం చేసిన రచన మరొకటి. క్వార్టెట్‌కు అంత పేరున్న పరిచయ రచన లేదు. దాని అవసరం అంతగా లేదని కూడా చెప్పవచ్చు, ఎందుకంటే హైడన్ 1797లో రాసిన ఓపస్ 76, మూడో క్వార్టెట్‌లోని రెండో భాగం ఆ పనిని ఏనాడో చేసింది.

ఆ భాగానికి ఆధారం ఆయనే పవిత్ర రోమన్ చక్రవర్తి జన్మదినం కోసం కట్టిన ప్రార్థనాగీతం. నెమ్మదైన, ఎవరైనా పాడుకోగల బాణీ. నేటి జర్మనీ జాతీయగీతం ఆ బాణీలోనే ఉంది. మొదట దాన్ని మొదటి వయొలిన్ వాయిస్తుంది, మిగిలినవి సాదాగా తోడుంటాయి. తర్వాత నాలుగు ఆవృత్తులు. మొదటి ఆవృత్తిలో బాణీ రెండో వయొలిన్‌కు దక్కుతుంది; మొదటి వయొలిన్ దాని చుట్టూ సన్నని అల్లిక అల్లుతుంది, వయోలా చెల్లో మౌనంగా ఉంటాయి. రెండో ఆవృత్తిలో బాణీ చెల్లోది. మూడోదానిలో వయోలాది. నాలుగోదానిలో మళ్లీ మొదటి వయొలిన్‌కు చేరుతుంది గాని, ఈసారి కింద ఉన్న మూడు గొంతుల నడక మొదటిసారి కంటే చిక్కబడి, అదే బాణీ వేరే వెలుగులో వినిపిస్తుంది. అయిదుసార్లూ బాణీ ఇంచుమించు మారదు. మారేది దాని చుట్టూ ఉన్నదే.

కర్ణాటక సంగీతం విన్న చెవికి ఇక్కడ ఒక తలకిందుల అనుభవం ఎదురవుతుంది. కృతిలో సంగతులు పడుతున్నప్పుడు శ్రుతి, తాళం స్థిరంగా ఉండి, సాహిత్యపు ఒకే వరస మీద బాణీ మెట్టుమెట్టుగా విప్పారుతుంది. హైడన్ రచనలో బాణీ స్థిరం, పరిసరం విప్పారుతుంది. సంగతులను గుర్తుపట్టడం తెలిసిన విద్యార్థికి ఈ తేడాను ఒక్క వాక్యంలో చెప్పవచ్చు; ఆ వాక్యం తర్వాత అతడు బాణీని వదిలి దాని చుట్టుపక్కలను వినడం మొదలుపెడతాడు. ఈ భాగం నిడివి ఏడెనిమిది నిమిషాలు. పూర్తి క్వార్టెట్ పాతిక నిమిషాల దాకా పడుతుంది. మొదటి పరిచయానికి మొత్తం రచన వినిపించాలన్న పట్టుదల అనవసరం.

మొదటి పాఠాలకు తగిన ఇతర భాగాలను ఎంచుకోవడంలో కూడా ఏదో ఒక పనిని చెవికి అప్పగించేవి మేలు. బీతోవెన్ ఓపస్ 59, మొదటి క్వార్టెట్‌లోని రెండో భాగం చెల్లో ఒంటరిగా ఒకే స్వరం మీద కొట్టే లయతో మొదలవుతుంది. రెండో వయొలిన్ దానికి చిన్న స్వరవాక్యంతో బదులిస్తుంది. ఆ లయను చేత్తో వేసి చూసిన తరగతి, తర్వాత అది ఏ వాద్యంలో ఎక్కడ దాక్కుందో వెతుక్కోగలదు. హైడన్ ఓపస్ 33, రెండో క్వార్టెట్ ముగింపులో బాణీని విరామాలతో ముక్కలు చేసి, రచన అయిపోయిందని శ్రోత నిశ్చయించుకున్నాక మొదటి వాక్యాన్ని మళ్లీ మెల్లగా ఎత్తుకుని అక్కడే ఆపుతాడు. బార్టోక్ 1928లో రాసిన నాలుగో క్వార్టెట్‌లో నాలుగో భాగం మొత్తం కమాను ముట్టకుండా వేళ్లతో మీటేదే. కొన్నిచోట్ల తీగ ఎగిరి వేళ్లు నొక్కే పలకకు తగిలి చిటుక్కుమంటుంది. ఆధునిక సంగీతం పిల్లలకు కొరుకుడుపడదన్న భయం ఈ భాగం దగ్గర నిలవదు. స్మెటనా 1876లో రాసిన తొలి క్వార్టెట్ ఆత్మకథాత్మకం. 1874లో వినికిడి కోల్పోయిన ఆ స్వరకర్త, తన చెవుల్లో ఆగకుండా మోగిన కీచుధ్వనిని చివరి భాగంలో మొదటి వయొలిన్ పట్టే ఒక అత్యున్నత స్వరంగా రాశాడు. అది తెలిసి విన్న విద్యార్థి ఆ స్వరాన్ని మర్చిపోవడం అరుదు. ఆ రచనను మొదట ఎత్తుకునేది వయోలా అన్నది కూడా ఉపాధ్యాయుడికి ఉపయోగపడే సంగతే.

వినికిడి ఇంతవరకు తీసుకువస్తుంది. ఇక్కడి నుంచి మనుషులు కావాలి. ఇరవయ్యో శతాబ్దపు చివరి దశకంలో అమెరికాలో జరిగిన రెండు ప్రయోగాలు ఈ విషయంలో గట్టి పాఠాలు. 1992లో యింగ్ క్వార్టెట్ అనే యువబృందం, నలుగురూ తోబుట్టువులే, తమ వృత్తిజీవితాన్ని అయోవా రాష్ట్రంలో రెండు వేల జనాభా ఉన్న జెసప్ అనే వ్యవసాయపు ఊళ్లో మొదలుపెట్టింది. ఇళ్లలో, బడుల్లో, చర్చిల్లో, బ్యాంకులో కూడా వాయించింది. ఒకచోట వినేవారు అరడజను మంది, మరొకచోట కొన్ని వందలు. 1997లో రోడ్ ఐలండ్ రాష్ట్రపు ప్రావిడెన్స్ నగరంలో సెబాస్టియన్ రూత్ కమ్యూనిటీ మ్యూజిక్‌వర్క్స్ అనే సంస్థను స్థాపించాడు. అందులో ఒక క్వార్టెట్ ఆదాయం తక్కువగా ఉన్న పేటలో కొలువుండి, వీధిలోవారికి కనిపించే గదిలో సాధన చేస్తూ, ఆ పేట పిల్లలకు ఉచితంగా వాద్యం నేర్పింది. రూత్‌కు 2010లో మెకార్థర్ ఫెలోషిప్ లభించింది. ఏడాదికి ఒకసారి బస్సులో పిల్లలను సభామందిరానికి తీసుకెళ్లే పద్ధతికీ దీనికీ తేడా పరిమాణంలో మాత్రమే కాదు. అక్కడ పిల్లలకు పూర్తయిన సంగీతం కనిపిస్తుంది. ఇక్కడ అది తయారయ్యే తీరు కనిపిస్తుంది: తప్పులు, మధ్యలో ఆగిపోవడాలు, ఒకరి వేగం ఇంకొకరికి నచ్చకపోవడం, రెండు పద్ధతులూ వాయించి చూసి ఒకటి ఎంచుకోవడం.

సాధన చూడడం పిల్లలకు కచేరీ కంటే ఎక్కువ ఇస్తుందన్న మాట అతిశయోక్తిలా వినిపించవచ్చు. క్వార్టెట్‌కు చేతి కర్రతో నడిపే నిర్దేశకుడు ఉండడు. నలుగురూ ఒక్క క్షణంలో మొదలుపెట్టేది మొదటి వయొలిన్ ఊపిరితో, తల కదలికతో, కమాను ఎత్తే తీరుతో. ఆ సైగ వాద్యకారుల పక్కన కూర్చున్నవారికి కనిపిస్తుంది, ఇరవయ్యో వరసలో కూర్చున్నవారికి కనిపించదు. అందుకని తరగతి గదిలో పిల్లలను నాలుగు కుర్చీల మధ్య ఖాళీల్లో కూర్చోబెట్టడం, ఒక్కో పిల్లవాడు ఒక్కో వాద్యాన్నే వెంబడించేలా చేయడం, తర్వాత స్థానాలు మార్చడం మంచి పద్ధతి. వయోలా లేకుండా ఒకసారి వాయించి, వెంటనే వయోలాతో వాయిస్తే మధ్య గొంతు ఏం చేస్తోందో ఉపన్యాసం అవసరం లేకుండానే తెలుస్తుంది. మొదటి వయొలిన్ వాద్యకారిణి వీపు తిప్పి కూర్చుంటే మిగిలిన ముగ్గురు దేన్ని ఆధారం చేసుకుని కలుస్తారో చూడడం కూడా ఇటువంటిదే. ఈ పరీక్షలకు ఖర్చు లేదు. కావలసింది నలుగురు ఓపిక గల వాద్యకారులు, బల్లలు పక్కకు జరిపిన ఒక గది.

క్వార్టెట్ బృందాల్లో స్త్రీల ప్రవేశం గురించి ఇక్కడ ఒక మాట అవసరం. చాలాకాలం ఈ బృందాలు పురుషులవే. 1869 నుంచి లండన్ కచేరీల్లో వయొలిన్ వాద్యకారిణి విల్మా నెరుదా క్వార్టెట్‌కు నాయకత్వం వహించడం ఆనాటి ఇంగ్లండ్ ఇళ్లలో ఆడపిల్లల చేతికి వయొలిన్ ఇవ్వడానికి దోహదం చేసింది. అంతకుముందు మర్యాదస్తుల ఆడపిల్లకు తగిన వాద్యం పియానో అని భావించేవారు.

వాయించడం మొదలుపెట్టే విద్యార్థులకు నాలుగు గొంతుల రచన మొదటి మెట్టు కానక్కరలేదు. రెండు గొంతులతో మొదలుపెట్టవచ్చు. బార్టోక్ 1931లో జర్మన్ బోధకుడు ఎరిష్ డోఫ్లైన్ కోరిక మీద రెండు వయొలిన్ల కోసం 44 చిన్న రచనలు చేశాడు. దాదాపు అన్నీ తూర్పు యూరప్ జానపద బాణీల మీద కట్టినవే, తేలిక నుంచి కష్టానికి సాగేవే. రెండు గొంతులకూ సమానమైన పని ఉంటుంది కనుక, కింది గొంతు దొరికిన పిల్లవాడు చిన్నబుచ్చుకోడు. అక్కడి నుంచి హైడన్ తొలి క్వార్టెట్లలోని మిన్యుయెట్ (నృత్యలయ) భాగాలకు వెళ్లడం కష్టం కాదు. మొదటి వయొలిన్, రెండో వయొలిన్ స్థానాలను ప్రతి రచనకూ మార్చాలి. మార్చకపోతే రెండో స్థానం శిక్షగా మిగిలిపోతుంది. వయోలా దొరకని చోట చిన్న పిల్లలకు చిన్న వయొలిన్‌కే వయోలా తీగలు బిగించి ఇస్తారు. నాదం అంతంతమాత్రమే అయినా ఆ స్వరలిపి చదవడం అలవడుతుంది.

తెలుగు విద్యార్థులకు ఈ సంగీతంతో సంబంధం రెండు దారుల్లో ఏర్పడుతోంది. అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలు అక్కడి బడి వాద్యబృందాల్లో వయొలిన్, వయోలా, చెల్లో పట్టుకుంటున్నారు. వారిలో కొందరు వారాంతాల్లో కర్ణాటక పాఠానికీ వెళతారు. భుజం మీద పెట్టి వాయించడం, పాదం మీద ఆనించి వాయించడం రెండూ ఒకే చేతికి అలవాటవుతున్న తరం అది. రెండో దారి పాతది. విజయనగరం సంగీత కళాశాల 1919లో మొదలైనప్పుడు అక్కడ వయొలిన్ ఆచార్యుడిగా చేరిన ద్వారం వెంకటస్వామి నాయుడు పాశ్చాత్య వయొలిన్ బాణీని ఆదరంతో విన్నవారు. 1952లో మద్రాసు వచ్చిన పాశ్చాత్య వయొలిన్ విద్వాంసుడు యెహూది మెనూహిన్ ఆయన వాద్యం విని ప్రశంసించారు. ఒక సంప్రదాయంలో లోతు ఉన్నవారికి రెండో సంప్రదాయం వినడం అడ్డంకి కాదనడానికి ఆ సమావేశం సాక్ష్యం. కర్ణాటక శిక్షణ ఉన్న పిల్లలు లయలో, వినికిడి జ్ఞాపకంలో సాధారణంగా ముందుంటారు. గమకం అలవాటైన వేలు స్వరం మీద కదలకుండా నిలవడానికి, ఆ స్వరం మిగిలిన మూడింటితో కలిసే చోట శ్రుతిని వెంట్రుకవాసి సర్దడానికి వారికి సాధన కావాలి. తన స్వరం తనకు సరిగ్గా ఉంటే చాలదు, కింద చెల్లో పట్టిన స్వరంతో అది పొందాలి.

విద్యార్థి బృందాలకు తగిన రచనల కొరతను దృష్టిలో పెట్టుకుని జరిగిన ఇటీవలి పని క్రోనస్ క్వార్టెట్‌ది. 1973లో డేవిడ్ హారింగ్టన్ స్థాపించిన ఈ బృందం సమకాలీన రచనలకే అంకితమైనది. 2015లో అది 'ఫిఫ్టీ ఫర్ ది ఫ్యూచర్' అనే ప్రణాళిక మొదలుపెట్టి, విద్యార్థులూ కొత్తగా వృత్తిలోకి వచ్చినవారూ వాయించడానికి యాభై కొత్త రచనలు చేయించింది. స్వరకర్తల్లో సగం మంది స్త్రీలు. స్వరపత్రాలు, స్కోర్లు, రికార్డింగులు ఎవరైనా డబ్బు చెల్లించకుండా తీసుకోవచ్చు. చైనా పీపా వాద్యకారిణి వూ మాన్, మాలి దేశపు బలాఫోన్ వాద్యకారుడు ఫోదె లసానా జాబతే, అమెరికన్ స్వరకర్త ఫిలిప్ గ్లాస్ ఇందులో ఉన్నారు. తబలా విద్వాంసుడు జాకిర్ హుస్సేన్ సమకూర్చిన 'పల్లవి' ఆ యాభైలో ఒకటి; దాన్ని నాలుగు వాద్యాలకు అమర్చినది భారతీయ మూలాలున్న అమెరికన్ స్వరకర్త రీనా ఇస్మాయిల్.